బండి బ్రహ్మాండంగా ఉందమ్మా

మా అత్తగారికి ఒక్కడే కొడుకు. ఫోనులో మాత్రం, ఊళ్ళో మోటారు సైకిళ్ళున్న వాళ్ళలో సగంమందికి ఆవిడే తల్లి.

మా ఆయన మోటారు సైకిళ్ళ షోరూమ్‌లో సర్వీసు అడ్వైజరు. అంటే బండి బాగుచేసేవాడు కాదు. బండి తెచ్చినవాళ్ళ ముందు నిలబడి, వాళ్ళు చెప్పేదంతా తలూపుతూ విని, కంప్యూటర్లో కొట్టి, బండిని లోపలికి పంపించి, సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చాక "అయిపోయింది సార్, ఇప్పుడు నడిపి చూడండి" అని తాళం చేతిలో పెట్టేవాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో గుర్తింపు కార్డు, మొహాన చెరగని నవ్వు. మా వీధిలో అందరూ ఆయన్ని "షోరూమ్" అనే పిలుస్తారు. కోపం వచ్చినప్పుడు నేనూ అలాగే పిలుస్తాను.

లోపల ఏం జరుగుతుందో పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పాడు, అదేదో ఘనకార్యమైనట్టు. మెకానిక్కులు తక్కువ, బండ్లు ఎక్కువ. పొద్దున గేటు తీసేసరికే వరస రోడ్డు మీదికి వచ్చేసి ఉంటుంది. అందుకని ప్రతి బండికీ తప్పకుండా జరిగేది ఒక్కటే, స్నానం. నురగ పెట్టి కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, గొలుసుకి నూనె రాసి, టైర్లకి నల్లగా మెరుగు పూసి, ఎండ పడేచోట నిలబెడతారు. మిగతా పని తీరికని బట్టి. కస్టమరు చెప్పిన రోగం ఏదైనా సరే, కాగితం మీద మాత్రం "చూశాం, సరిగా ఉంది" అని పడుతుంది. "బండి అంతలా మెరిసిపోతుంటే శబ్దం సంగతి ఎవరడుగుతారే!" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆయన చెప్పే తీరు అలా ఉండేది.

వాళ్ళ మేనేజరుకి ఒక పిచ్చి ఉంది. సర్వీసు అయ్యాక పెద్దాఫీసు నుంచి ఒకమ్మాయి కస్టమరుకి ఫోను చేసి, మా సేవకి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడుగుతుంది. పది వేస్తేనే లెక్క. తొమ్మిది వేసినా సున్నా కిందే జమ. తక్కువ మార్కులు తెచ్చిన అడ్వైజరుని మేనేజరు మర్నాడు అందరి ముందూ నిలబెట్టి ఉతికి ఆరేస్తాడు. మా ఇంట్లో ఆ మేనేజరు పేరు "పదికి పది". ఆయన కూతురు పరీక్షలో తొమ్మిది తెచ్చుకుంటే అన్నం పెడతాడా పెట్టడా అని అత్తయ్యా నేనూ వాదించుకునేవాళ్ళం.

ఆ ఉతుకుడు తప్పించుకోవడానికి అడ్వైజర్లందరూ ఒక కిటుకు కనిపెట్టారు. ఎవరైనా మొహం ముడుచుకుని వెళ్ళారనుకోండి, కంప్యూటర్లో వాళ్ళ ఫోను నంబరు తీసేసి ఇంట్లోవాళ్ళ నంబరు పెట్టేస్తారు. పెద్దాఫీసు అమ్మాయి ఫోను చేస్తే అడ్వైజరుగారి భార్యో బావమరిదో ఎత్తి, పదికి పది వేసి పెట్టేస్తారు. మా ఆయన ముందు నా నంబరే అడిగాడు. "బడి తెరిచేలోపు ఇన్ని యూనిఫారాలు కుట్టివ్వాలి, మీ కస్టమర్ల వేషాలు కూడా నేనే కట్టాలా?" అని కసిరాను. నిజాయితీతో కాదు, తీరిక లేక. అప్పుడు ఆ పని అత్తయ్య దగ్గరికి వెళ్ళింది.

అత్తయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో మైకు ముందు కూర్చుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఆఫీసుగదిలో ఏడుస్తున్నాడో చెప్పడం ఆవిడ పని. పదవీ విరమణ అయ్యింది, మోకాలు పోయింది, కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయింది. ఇంట్లో ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా నేను అడగను, తిని ఊరుకుంటుంది కదా అని. అలాంటి మనిషికి ఫోను చేసి ఒకమ్మాయి "మీ అభిప్రాయం మాకు చాలా ముఖ్యమండీ" అంటే ఎలా ఉంటుంది?

"వాళ్ళకి తీరికుండదమ్మా, ఉద్యోగాలకి పోతారు. వాళ్ళ తరఫున నువ్వు రెండు ముక్కలు చెప్పెయ్" అన్నాడు మా ఆయన.

"బండ్లు బాగానే చేస్తున్నార్రా?"

"అద్దంలా చేసి ఇస్తున్నాం."

అంతే. ఆవిడ మళ్ళీ మైకు ముందు కూర్చున్నట్టే అయిపోయింది. చెవి సరిగా వినపడదని ఫోను స్పీకరు మీద పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. "వాడు పనిలో ఉన్నాడమ్మా, నేను వాళ్ళమ్మని. బండి బ్రహ్మాండంగా ఉంది. ఇదివరకు గుడగుడమనేది, ఇప్పుడు పిల్లిలా పోతోంది. పదికి పది వేసుకో." ఒక్కో కొడుక్కి ఒక్కో కథ. ఒకడికి ఈమధ్యే పెళ్ళి కుదిరింది, ఒకడికి కడుపునొప్పి, ఒకడు అమ్మ మాట వినడు. నేను మిషను ఆపి మరీ వినేదాన్ని. నవ్వు ఆపుకోలేక కుట్టే గుడ్డ నోట్లో కుక్కుకున్న రోజులున్నాయి. "ఈసారి కొంచెం దగ్గండి అత్తయ్యా, నమ్మకంగా ఉంటుంది" అని సలహా ఇచ్చింది కూడా నేనే.

ఆవిడ మోకాలికి మర్దనా చేసి, కాలు వంచడం నేర్పడానికి ఒకాయన ఇంటికొచ్చేవాడు. ఫిజియోథెరపిస్టు అనే మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. "మోకాలు డాక్టరు" అన్నాం, అదే స్థిరపడింది. ఆయన అసలు పేరేమిటో మాలో ఎవరం అడగలేదు. సన్నటి మనిషి, పొడుగు వేళ్ళు. చాప మీద కూర్చుని అత్తయ్య కాలు ఒళ్ళో పెట్టుకుని, "ఇంకొంచెం వంచండమ్మా, ఇంకొంచెం, మా అమ్మ కదూ" అని బతిమాలుతూ వంచేవాడు. ఆవిడ తిట్టేది. ఆయన నవ్వేవాడు. మా ఆయన ఉద్యోగం సంగతి తెలిశాక తన బండి కూడా మా షోరూమ్‌కే ఇవ్వడం మొదలుపెట్టాడు.

"మనవాడున్నాడు కదా అని ఇస్తున్నానండీ. కానీ ముందు బ్రేకు పట్టట్లేదని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ కడిగి ఇచ్చారు" అన్నాడొకసారి నాతో, నవ్వుతూనే. "మొదటిసారి ఎవరో ఫోను చేసి మార్కులడిగితే ఆరు వేశాను. అప్పట్నుంచి నాకు ఫోనే లేదు. అలిగారేమో!"

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "చూస్తాలే" అన్నాడు, చొక్కా గుండీలు విప్పుకుంటూ. ఆ ఆరు మార్కులకి తనని మేనేజరు ఎంత ఉతికాడో, ఆ వెంటనే ఎవరి నంబరు తీసి ఎవరి నంబరు పెట్టాడో మాకు చెప్పలేదు. డాక్టరు బండని చెబితే అత్తయ్య ఒప్పుకోదని ఆయనకి తెలుసు.

ఇంకోసారి మోకాలు డాక్టరు ఆలస్యంగా వచ్చాడు. పొద్దున పాపని బడికి తీసుకెళ్తుంటే ముందు తోపుడుబండి అడ్డం వచ్చిందట. బ్రేకు నొక్కితే మెత్తగా లోపలికి పోయిందట, బండి మాత్రం ఆగలేదు. వెనక బ్రేకు తొక్కేలోపే తోపుడుబండికి తగిలింది. ముందు కూర్చున్న పాప మూతి మీటరుకి కొట్టుకుని పన్ను ఊడింది. "ఎలాగూ ఊడాల్సిన పాలపన్నే. దాని స్నేహితురాలికి ఇంకా ఊడలేదట, అందుకని మహా గర్వంగా ఉంది" అన్నాడు. మేం ముగ్గురం నవ్వాం. మా ఆయన మళ్ళీ చూస్తానన్నాడు, మళ్ళీ కడిగించి పంపాడు. ఈసారి కొత్త స్టిక్కరు కూడా అంటించారు.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను గదిలో ఓ పక్క స్కర్టులకి కుచ్చిళ్ళు కుడుతున్నాను. మోకాలు డాక్టరు నూనె చేతులతో అత్తయ్య కాలు పట్టుకుని ఉన్నాడు. ఫోను మోగింది. నంబరు చూడగానే ఆవిడ మొహం వెలిగింది. ఇంతవరకూ ఆయన ఉండగా ఈ ఫోను ఎప్పుడూ రాలేదు. తన ప్రతిభ ఆయనకి చూపించే అవకాశం దొరికింది.

"చూడు డాక్టరూ, ఇప్పుడో తమాషా" అని కన్నుగీటి ఫోను స్పీకరు మీద పెట్టింది. ఆయన కూడా నవ్వి, పని ఆపకుండానే చెవి ఇటు పెట్టాడు.

"నమస్కారమండీ, కంపెనీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను" అంది అమ్మాయి. తర్వాత ఒక పేరు చదివింది, ఇంటిపేరుతో సహా. మోటారు సైకిలు నంబరు చదివింది. "వారి నంబరేనా?"

"అవునమ్మా. వాడు పనిలో ఉన్నాడు. నేను వాళ్ళమ్మని" అంది అత్తయ్య, దగ్గు కూడా కలిపి.

ఆయన వేళ్ళు మోకాలి మీద ఆగిపోవడం నేను చూశాను. ఎందుకు ఆగాయో నాకు అప్పటికి అర్థం కాలేదు. నొప్పి తగ్గాలని ఆపాడనుకున్నాను.

"అమ్మగారూ, వారి బండి ముందు బ్రేకులో ఒక భాగం తయారీలోనే లోపం ఉంది. ఉచితంగా మార్చి ఇస్తున్నాం. అది మార్చేదాకా బండి నడపొద్దని ఇంతకుముందే మెసేజీలు పంపాం. మార్పించుకున్నారా?"

"ఓ! ఎప్పుడో మార్చేశారు తల్లీ. బండి బ్రహ్మాండంగా ఉంది. పిల్లిలా పోతోంది. పదికి పది వేసుకో."

"ఇది మార్కుల కోసం కాదండీ. భద్రతకి సంబంధించిన విషయం. నిజంగా మార్చారు కదా?"

"మార్చారంటుంటే! మా వాడు పొద్దున కూడా దాని మీదే వెళ్ళాడు."

"అయితే మార్చినట్టు రాసుకుంటున్నాను."

"రాసుకోకమ్మా" అన్నాడు మోకాలు డాక్టరు.

గొంతు పెంచలేదు. అత్తయ్య చేతిలోంచి ఫోను తీసుకోలేదు, చేతులకి నూనె ఉంది కదా. ఆ మోకాలు ఒళ్ళో పెట్టుకునే, ఫోను వైపు కొంచెం వంగి, "మార్చలేదు. ఆ బండి నాది. మెసేజీలు నాకు రాలేదు. ఇది నా నంబరు కాదు" అన్నాడు. తర్వాత తన నంబరు ఒక్కో అంకె విడదీసి చెప్పాడు. అటువైపు అమ్మాయి, "మరి... ఇప్పటిదాకా మాట్లాడింది?" అంది. అత్తయ్య బొత్తాం వెతుక్కుని వెతుక్కుని ఫోను పెట్టేసింది.

నాకు మెసేజీలు గుర్తొచ్చాయి. అత్తయ్య ఫోను నిండిపోయిందంటే ఎప్పటికప్పుడు నేనే ఖాళీ చేసేదాన్ని. కంపెనీ పేరు కనపడితే చదవకుండానే తీసిపారేసేదాన్ని, ఏదో పండగ తగ్గింపులనుకుని. వాటిల్లో ఒకటి ఆ పాప పన్ను ఊడకముందే వచ్చి ఉండొచ్చు. ఆ ఆలోచన రాగానే చెంపలు చురుక్కుమన్నాయి. మిషను సూది గుడ్డలో దిగి అలాగే ఉంది. చక్రం తిప్పడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. ఏ చప్పుడు చేసినా ఆయన నా వైపు చూస్తాడని భయం.

"పొద్దున పాపని దాని మీదే బడిలో దింపాను" అన్నాడాయన. మాతో అన్నట్టు లేదు.

"నాయనా, అది నీ బండని నాకు..." అని అత్తయ్య మొదలుపెట్టి, ఆపేసింది. ఎవరి బండైతే మాత్రం? ఆ మాట ఆవిడకే అడ్డం పడిందని మొహం చూస్తే తెలిసింది.

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళిపోయినా బావుండేది. నాలుగు తిట్టినా బావుండేది. ఆయన మళ్ళీ నూనె అద్దుకుని మిగిలిన వంపులన్నీ చేయించాడు. ఎప్పట్లాగే నెమ్మదిగా, ఎముక చుట్టూ వేళ్ళు తిప్పుతూ, ఏదీ వదలకుండా. "వంచండి మేడం" అన్నాడు. "చాచండి మేడం" అన్నాడు. అత్తయ్య ఆరోజు ఒక్క తిట్టు తిట్టలేదు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా పళ్ళు బిగపట్టి వంచింది.

చేతులు కడుక్కుని వచ్చి బండి తాళం బల్ల మీద పెట్టాడు. "మీ ఆయనకివ్వండి. బడి వదిలే వేళయింది, నేను బస్సులో వెళ్తాను" అన్నాడు నాతో. హెల్మెట్లు రెండు ఉన్నాయి ఆయన దగ్గర. రెండోది చిన్నది, దాని మీద పూల బొమ్మలు. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని గేటు దాటి నడిచి వెళ్ళాడు. నేను కిటికీలోంచి చూడలేక వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ నిలబడ్డాను.

సాయంత్రం మా ఆయన గేట్లో బండి చూసి హుషారుగా వచ్చాడు. "ఏంటి, డాక్టరుగారు ఇంకా ఉన్నారా? టీ ఇచ్చావా?"

అత్తయ్య తన ఫోను తీసి బల్ల మీద, తాళం పక్కన పెట్టింది.

"ఒరేయ్, నేను ఎంతమందికి తల్లినయ్యానురా?"

మా ఆయనకి సగం అర్థమై మొహం పాలిపోయింది. మిగతా సగం నేను చెప్పాను. వినేటప్పుడే సర్దుకోవడం మొదలుపెట్టాడు. అందరూ చేస్తారన్నాడు. మేనేజరుకి తెలుసన్నాడు. పార్టులు రావడం ఆలస్యమన్నాడు. ఇంత చిన్నదానికి... అనబోయి, నా మొహం చూసి మింగేశాడు.

"పాప పన్ను చిన్నదేలే" అన్నాను నేను.

"బస్టాండులో నేను ఆరో ప్లాట్‌ఫారం అంటే జనం సామాన్లెత్తుకుని ఆరో ప్లాట్‌ఫారానికే పరిగెత్తేవాళ్ళు" అంది అత్తయ్య. "నా మొహం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలీదు. నా మాటే తెలుసు. అన్నేళ్ళలో ఒక్క బస్సు తప్పు చెప్పలేదురా నేను. ఇవాళ నా కాలు పట్టుకుని కూర్చున్నవాడికి, వాడి మొహం మీదే తప్పు చెప్పాను." ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే మా ఆయన ఓదార్చేవాడు, అక్కడితో సరిపోయేది. ఏడవకుండా ఆయన వైపే చూస్తూ కూర్చుంది.

మా ఆయన తాళం తీసుకుని బయటికి వెళ్ళాడు. వెనకే వెళ్ళాను. బండి సాయంత్రపు వెలుగులో నిగనిగలాడుతోంది, దాని అందానికేం తక్కువ లేదు. సీటు మీద కూర్చుని ముందు బ్రేకు లీవరు నొక్కాడు. అది మెత్తగా వచ్చి పిడికి ఆనుకుంది. వదిలి మళ్ళీ నొక్కాడు. అంతే. ఆ బండి అన్నిసార్లు ఆయన చేతుల మీదుగా లోపలికి పోయి వచ్చింది కదా, ఆ లీవరు నొక్కి చూడటం మాత్రం ఆయనకిదే మొదటిసారి. కిందికి దిగి, స్టాండు వేసి, చొక్కా చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"ఎప్పుడూ చూడలేదా మీరు?" అన్నాను.

"మెకానిక్కు చూశాడనుకున్నా. వాడు చూశానన్నాడు. నేను రాశా" అన్నాడు. మా ఆయన నోట సర్దుబాటు లేని మాట నేను వినడం అదే మొదలు.

మర్నాడు పొద్దున ఆ బండిని నడపకుండా, తోసుకుంటూ షోరూమ్‌కి తీసుకెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెళ్ళో కార్డు వేలాడుతుంటే, వీధంతా చూస్తుండగా. పాల బూత్ ముసలాయన అరుగు మీదనుంచి కేకేశాడు. "ఏమయ్యా షోరూమూ! మీ బండి కూడా కదలట్లేదా?"

"కదులుతుంది బాబాయ్. ఆగట్లేదు" అన్నాడు మా ఆయన. ముసలాయన అది హాస్యమనుకుని పడీ పడీ నవ్వాడు. మా ఆయన తలొంచుకుని తోసుకుంటూ పోయాడు.

ఆ భాగం ఆరోజే మార్చారు. పక్కన నిలబడి మార్పించాడు. కానీ అత్తయ్య అక్కడితో వదల్లేదు. తను ఎవరెవరికి తల్లినని చెప్పిందో వాళ్ళందరి నంబర్లూ మళ్ళీ వాళ్ళవే పెట్టాలంది, పెట్టి ఊరుకోకుండా నోటితో చెప్పాలంది. ఆ మాట మా ఆయన మేనేజరుతో అంటే, పదికి పదిగారు తలుపు మూసి, "మెల్లగా మార్చుకుందాం, ఇప్పుడు గోల చేయకు" అన్నాడట. మా ఆయన సెలవురోజు ఇంట్లో కూర్చుని తనే చేశాడు. అందరి ఫోన్లూ. పక్కన కుర్చీలో అత్తయ్య, స్పీకరు మీద. "సార్, మీ నంబరు బదులు మా అమ్మ నంబరు పెట్టాను సార్. మీ బండి మళ్ళీ తీసుకురండి." ఒకాయన అర్థం కాక మళ్ళీ చెప్పించుకున్నాడు, రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. ఒకావిడ "మీ అమ్మగారు అన్నమే తింటున్నారా?" అని అడిగింది. నేను గదిలోంచి వెళ్ళిపోవాలనుకున్నాను, కానీ దగ్గమని సలహా ఇచ్చినదాన్ని కదా, కూర్చున్నాను.

ఆ తర్వాత మేనేజరు మా ఆయన మెళ్ళో కార్డు తీయించి, వెనక బండ్లు కడిగేచోట వేశాడు. ఇప్పుడు మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని నురగలో నిలబడి బండ్లు కడుగుతున్నాడు. కడిగే ముందు ప్రతి బండి బ్రేకూ ఓసారి నొక్కి చూస్తాడట. పట్టకపోతే కడగకుండా తిప్పి పంపిస్తాడట. ఎన్నాళ్ళు ఉంచుతారో తెలీదు. ఆ బూట్లు గుమ్మం దగ్గర చూసినప్పుడల్లా నాకు జాలి కలగాలి, సిగ్గే కలుగుతోంది. ఆ ఇస్త్రీ చొక్కాల మడతలు నలగకుండా అన్నాళ్ళూ పెట్టెలో సర్దింది నేనే.

మోకాలు డాక్టరు మానేస్తాడనుకున్నాం. మానలేదు. "మధ్యలో వదిలేస్తే కీలు గట్టిపడిపోతుంది" అన్నాడు, అంతకుమించి ఏమీ మాట్లాడలేదు. టీ ఇస్తే వద్దన్నాడు. పాప గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వస్తాడు, చాప వేసుకుంటాడు, "వంచండి మేడం" అంటాడు. "మా అమ్మ కదూ" అనడం మానేశాడు. ఆవిడ కూడా ఆ మాట కోసం కాసేపు ఆగి, రాకపోయేసరికి తనే వంచేస్తుంది.

మొన్న ఆయన తన బండి మీదే వచ్చాడు. బ్రేకు కీచుమని గేటు ముందు ఆగింది, ఆ చప్పుడికి అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. పని మధ్యలో చాప పక్కన పెట్టిన ఆయన ఫోను మోగింది. ఆయన రెండు చేతులూ నూనెలో ఉన్నాయి. మోగి మోగి ఆగి మళ్ళీ మోగింది.

"కొంచెం ఎత్తండి మేడం. బడి నుంచేమో" అన్నాడు.

అత్తయ్య వంగి ఫోను అందుకుని స్పీకరు నొక్కింది.

"నమస్కారమండీ, కంపెనీ ఆఫీసు నుంచి. బ్రేకు భాగం మార్చాక బండి ఎలా ఉందో తెలుసుకుందామని చేశాం. సార్ ఉన్నారా?"

అదే అమ్మాయి. అత్తయ్య గొంతు సవరించుకోలేదు. "పనిలో ఉన్నారమ్మా" అంది. అది నిజమే, పని ఆవిడ మోకాలి మీదే జరుగుతోంది. కానీ ఆ మాట వినగానే అటువైపు అమ్మాయి గుర్తుపట్టింది.

"మీరు... వాళ్ళ అమ్మగారు కదండీ?"

నేను మిషను ఆపేశాను. అత్తయ్య ఆయన వైపు చూసింది. ఆయన తలెత్తి ఏదో ఒకటి అంటాడని చూసింది. ఆయన మోకాలి చుట్టూ వేళ్ళు తిప్పుతూనే ఉన్నాడు, నెమ్మదిగా, ఎముక పక్కనే.

"కాదమ్మా" అంది అత్తయ్య. "ఆయనకి నేనేమీ కాను."